నవ్వు దిద్దుబాటు కావాలి

“నవ్వు నాలుగు విధాల చేటు” అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. ఆ నాలుగు విధాలు ఏవో విడమరచి చెప్పినవారు మాత్రం అరుదు. నవ్వు చేటు మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు మేలుకు కూడా కారణమవుతుందని సాహిత్యంతో పరిచయమున్న వారందరికీ తెలుసు. ఏ నవ్వు చేటు, ఏ నవ్వు మేలు అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో ఎదురు కాలేదు. నిరుడు మన సంచిక ముఖచిత్రం విషయంలో జరిగిన ఒక సంఘటన వల్ల ఎదురయింది. ఆ సంఘటనను వ్యాసం చివర ప్రస్తావిస్తాను. దానికి ముందు, ఈ ప్రశ్నకు లోకమంతా సాక్షిగా జవాబు దొరికిన ఒక ఉదంతాన్ని పాఠకుల ముందుంచడం అవసరం. అది ఒక వీడియో గేమ్‌లోని నీలి బొమ్మ కథ. తెలుగు అధ్యాపకునికి వీడియో గేములతో పని ఏమిటని పెద్దలు ఆశ్చర్యపడవచ్చు. విద్యార్థులు ఆశ్చర్యపడరు. వారిలో చాలామందికి ఆ బొమ్మ నాకంటే బాగా తెలుసు.

జపాను దేశానికి చెందిన సెగా అనే సంస్థ 1991 జూన్ నెలలో ‘సోనిక్ ది హెడ్జ్‌హాగ్’ అనే వీడియో గేమ్‌ను విడుదల చేసింది. అప్పటికే నింటెండో సంస్థవారి మారియో అనే మీసాల మనిషి ఇంటింటా పిల్లల అభిమానం చూరగొని ఉన్నాడు. అతనికి పోటీగా నిలబడగల పాత్ర సెగావారికి కావలసి వచ్చింది. ప్రోగ్రాము రచన యూజీ నాకా, ఆట దశల రూపకల్పన హిరోకాజు యసుహారా చూసుకోగా, పాత్రకు రూపం దిద్దినవాడు నవొటో ఓషిమా. హెడ్జ్‌హాగ్ అంటే ఒంటి నిండా ముళ్ళుండే చిన్న జంతువు. ఓషిమా గీసిన బొమ్మలో నీలిరంగు దేహం, వెనుకకు వాలిన ముళ్ళు, ఎర్రని బూట్లు, తెల్లని చేతి తొడుగులు, ఒకదానితో ఒకటి కలిసిపోయిన రెండు పెద్ద కళ్ళు ఉన్నవి. పదేళ్ళ పిల్లవాడు సైతం నోటు పుస్తకం చివరి పేజీలో గీసి, దానిని చూసిన మరొక పిల్లవాడు పేరు చెప్పగలిగినంత సులువైన బొమ్మ అది. ఆ సులువులోనే దాని బలమంతా ఉన్నది.

ముప్పై ఏళ్ళకు పైబడిన ఈ ప్రయాణంలో ఆ బొమ్మ ఎప్పుడూ మారలేదని చెప్పలేము. 1998 డిసెంబరులో జపానులో వెలువడిన ‘సోనిక్ అడ్వెంచర్’ ఆట కోసం యూజీ ఉయెకావా అనే చిత్రకారుడు దానిని కొంత పొడుగు చేశాడు, కళ్ళకు ఆకుపచ్చ రంగు ఇచ్చాడు. ఆ మార్పును కాలక్రమంలో అభిమానులు స్వీకరించారు. 2014లో ‘సోనిక్ బూమ్’ పేరిట వచ్చిన ఆటలలోనూ, టెలివిజన్ ధారావాహికలోనూ సోనిక్ మెడకు గుడ్డ చుట్టి, కాళ్ళకు చేతులకు పట్టీలు కట్టారు. అతని మిత్రుడైన నకల్స్ అనే పాత్రకు పహిల్వాను భుజాలు తగిలించారు. ఈసారి అభిమానులు నవ్వారు. అయినా ఆ నవ్వు ఆటలాడేవారి వలయం దాటి అంతగా బయటికి రాలేదు. వలయం దాటిన నవ్వు 2019లో వచ్చింది.

పారమౌంట్ సంస్థ సోనిక్ కథను చలనచిత్రంగా తీసింది. దర్శకుడు జెఫ్ ఫౌలర్‌కు అదే తొలి పూర్తి నిడివి చిత్రం. 2018 డిసెంబరులో నీడవలె కనిపించే ఒక ప్రచార చిత్రం వెలువడినప్పుడే అభిమానులలో గుసగుసలు మొదలైనవి. 2019 ఏప్రిల్ 30వ తేదీన ట్రైలర్ విడుదలయింది. అందులో కనిపించిన సోనిక్‌ను చూచి లోకం నివ్వెరపోయింది. కలిసి ఉండవలసిన కళ్ళు విడిపోయి చిన్నవయినవి. కాళ్ళకు మనుషుల కాళ్ళవలె కండలు వచ్చినవి. అన్నిటికన్న మించి, నోరు తెరిస్తే వరుసగా మనిషి పళ్ళు! బొమ్మను వాస్తవ ప్రపంచంలోనికి తీసుకురావాలన్న తాపత్రయంలో బొమ్మతనమే పోయింది. చిన్నప్పటి స్నేహితుడు మరొకరి ముఖం తగిలించుకొని వచ్చి పలకరించినట్లున్నదని ఎందరికో అనిపించింది.

ఆ తరువాత జరిగినదే ఈనాడు మనం మీమ్‌లు అని పిలుచుకొనే వాటి వరద. ఈ మాటను మొదట వాడినవాడు రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రజ్ఞుడు. 1976లో వెలువడిన తన ‘ది సెల్ఫిష్ జీన్’ గ్రంథంలో, ఒకరినుండి ఒకరికి అనుకరణద్వారా వ్యాపించే భావాంశానికి ఆయన ఆ పేరు పెట్టాడు. ఆ మాట నేడు చిత్రాలతో చేసే పరిహాసానికి పేరుగా స్థిరపడింది. సోనిక్ విషయంలో కొందరు ఆ పళ్ళను పెద్దవి చేసి చూపారు. కొందరు వాటిని ఇతర బొమ్మల నోళ్ళలో అమర్చారు. కొందరు పాత బొమ్మను, కొత్త బొమ్మను పక్కపక్కన పెట్టి ఒక్క మాట కూడా వ్రాయక ఊరుకున్నారు. ఆ మౌనమే పెద్ద పరిహాసం. వీరితోపాటు మరొక వర్గం కూడా ఉన్నది. వారు కుంచె పట్టి, లేదా కంప్యూటరు ముందు కూర్చుండి, కళ్ళు ఇలా ఉండాలి, ముఖం ఇలా ఉండాలి అని ఆ రూపాన్ని తామే దిద్ది చూపారు. ఈ రెండవ వర్గాన్ని పాఠకులు జ్ఞాపకముంచుకోవలసిందిగా కోరుతున్నాను.

అప్పటికి నేను అధ్యాపక వృత్తిలో చేరి ఏడాది కూడా కాలేదు. మిత్రులు పంపిన ఆ చిత్రాలను చూచి నేనూ కడుపుబ్బ నవ్వాను. నాలుగు చిత్రాలను మరి పదిమందికి పంపాను. ఆ బొమ్మ వెనుక ఎవరి చేతులున్నవో ఆలోచించలేదు. ఈ నిజం దాచుకొని ఇతరులకు నీతులు చెప్పడం న్యాయం కాదు.

ఇంతకూ ఆ పరిహాసానికి ఫలితమేమయింది? ట్రైలర్ విడుదలైన రెండు రోజులకే, మే 2వ తేదీన, దర్శకుడు ఫౌలర్ ట్విట్టర్‌లో బహిరంగంగా స్పందించాడు. రూపం మీకు నచ్చలేదన్న సంగతి స్పష్టంగా అర్థమయిందనీ, మార్పు చేసి తీరుతామనీ తెలియజేశాడు. ఆ నెలలోనే చిత్రం విడుదలను 2019 నవంబరు 8 నుండి 2020 ఫిబ్రవరి 14కు వాయిదా వేశారు. రూపాన్ని తిరిగి దిద్దే బాధ్యతలో టైసన్ హెస్ అనే చిత్రకారునికి ముఖ్యస్థానం ఇచ్చారు. ఈయన సోనిక్ కామిక్ పుస్తకాలకు బొమ్మలు గీసినవాడు. 2017లో వచ్చిన ‘సోనిక్ మేనియా’ ఆటకు ప్రారంభ చిత్రాన్ని రూపొందించినవాడు. అనగా ఆ పాత్రను ప్రేమించి, దాని గీత గీతా ఎరిగినవాడు. నవంబరు 12న కొత్త రూపంతో రెండవ ట్రైలర్ వచ్చింది. నవ్విన నోళ్ళే మెచ్చుకొన్నవి. చిత్రం విడుదలై ప్రపంచమంతటా 30 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2022లో రెండవ భాగం, 2024లో మూడవ భాగం వచ్చినవి.

ఇంతవరకు చూస్తే పరిహాసం గెలిచిందనీ, ప్రజాభిప్రాయం ఒక పెద్ద సంస్థ మెడలు వంచిందనీ సంతోషించవచ్చు. ఈ సంతోషంలో న్యాయముంది. అభిమానుల నవ్వును కేవలం అల్లరి అని కొట్టివేయడం పొరపాటు. మన సాహిత్యంలో నిందాస్తుతి అనే ప్రక్రియ ఉన్నది. పైకి తిట్టు, లోపల భక్తి. గోలకొండ చెరసాలలో ఉన్న రామదాసు, తాను చేయించిన నగలకు ఎంతెంత ఖర్చయిందో లెక్క చెప్పి మరీ శ్రీరాముని నిలదీశాడు. కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకం’లో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఎత్తిపొడుస్తూనే కొనియాడాడు. వారు తమ దైవాన్ని నిలదీయడానికి చనువు కారణం. ఆ చనువుకు ప్రేమ కారణం. ఏ సంబంధమూ లేనివాడు నిందించడు, చూచి పక్కకు తప్పుకొంటాడు. సోనిక్‌ను చూచి నవ్వినవారిలో అధికులు ఆ బొమ్మతో కలిసి పెరిగినవారు. “ఇది మా సోనిక్ కాదు” అన్నదే వారి నవ్వుకు తాత్పర్యం. అంతటి ప్రేమను దైవంమీది భక్తితో సమానమని నేననను. తిట్టులో ప్రేమ దాగి ఉండగలదని మాత్రమే అంటాను.

అయితే తిట్టులన్నిటిలోనూ ప్రేమ ఉండదు. ఉర్దూ సాహిత్యంలో హజో అనే ప్రక్రియ ఉన్నది. ఒక వ్యక్తిని ఎంచుకొని ఎగతాళి చేసే కవిత్వం అది. పద్దెనిమిదవ శతాబ్దికి చెందిన మిర్జా రఫీ సౌదా అందులో అందెవేసిన చేయి. ఆయనకు ఎవరిమీదనైనా కోపం వస్తే గుంచా అనే సేవకుని పిలిచి కలందాను తెమ్మనేవాడట. కలం చేతికి వచ్చిందంటే ఆ మనిషి పని అయినట్లే. ఈ ముచ్చటను మహమ్మద్ హుసేన్ ఆజాద్ ‘ఆబె హయాత్’ గ్రంథంలో వ్రాశాడు. తెలుగులో కూచిమంచి జగ్గకవి ‘చంద్రరేఖా విలాపం’ ఇటువంటిదే. చదివేటప్పుడు నవ్వు వస్తుంది. చదివిన పిమ్మట ఎవరికి ఏమి మేలు కలిగిందని ప్రశ్నించుకొంటే జవాబు దొరకదు.

అదే ఉర్దూ సంప్రదాయంలో మరొక గొప్ప ఆచారం కూడా ఉన్నది. దానిని ఇస్లాహ్ అంటారు. శిష్యుడు తన గజల్‌ను ఉస్తాదుకు చూపుతాడు. ఉస్తాదు ఏ మాట బరువు తప్పిందో, ఏ పాదం కుంటిందో గుర్తించి, దాని స్థానంలో సరియైన మాట వేసి ఇస్తాడు. శిష్యుని పరువు పోదు, పద్యం బాగుపడుతుంది. హజో మనిషిని చూస్తుంది, ఇస్లాహ్ పనిని చూస్తుంది. సోనిక్ వ్యవహారంలో బొమ్మను తామే దిద్ది చూపిన ఆ రెండవ వర్గంవారు చేసినది ఇస్లాహ్. కళ్ళు కలపండి, పళ్ళు తగ్గించండి, ముఖం గుండ్రం చేయండి అన్న మాటలో వెక్కిరింపు ఉన్నా, దానివెంట మార్గమూ ఉన్నది. చిత్రం బాగుపడింది ఆ మార్గం వల్లనే గాని, ఒట్టి కేరింతల వల్ల కాదని నా అభిప్రాయం.

ఇక అందరూ మరచిన పక్షం ఒకటి ఉన్నది. వారే బొమ్మను గీసిన పనివారు. తెరమీద మనకు ఒక్క సోనిక్ కనిపిస్తాడు. ఆ ఒక్కనికోసం ఒకరు దేహపు ఆకృతి తయారు చేస్తారు, ఒకరు వెంట్రుకలు అమరుస్తారు, ఒకరు నడక నేర్పుతారు, ఒకరు వెలుగునీడలు సరిచూస్తారు. ఈ పనిలో ముఖ్యపాత్ర వహించినది ఎం.పి.సి. అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ. అది సామాన్యమైన సంస్థ కాదు. 2016లో వచ్చిన ‘ది జంగిల్ బుక్’ చిత్రానికి ఆస్కారు పొందిన బృందం దానిదే. ఇంకొక విశేషమున్నది. సోనిక్ మొదటి ట్రైలర్ అపహాస్యం పాలయిన ఆ మే నెలలోనే ‘డిటెక్టివ్ పికాచూ’ అనే మరొక వీడియో గేమ్ పాత్ర చిత్రం విడుదలయింది. ఆ పసుపుపచ్చ పికాచూను చూచి అభిమానులు మురిసిపోయారు. బొమ్మను తెరకు ఎలా ఎక్కించాలో వీరిని చూచి నేర్చుకొమ్మని సోనిక్ చిత్రం వారికి హితవు చెప్పారు. ఆ పికాచూను తయారుచేసిన ముఖ్య సంస్థ కూడా ఎం.పి.సి.యే!

ఈ ఒక్క విషయం చాలు, లోపం చేతులది కాదని తెలుసుకొనడానికి. ఒకే సంస్థ, అదే సామర్థ్యం. ఒక చోట మెప్పు, ఒక చోట ఎగతాళి. తేడా అంతా ఏమి చేయాలని నిర్ణయించిన వారిలో ఉన్నది. పాత్రకు ఎన్ని పళ్ళుండాలో, కళ్ళు కలిసి ఉండాలో విడిపోవాలో తేల్చే అధికారం వెంట్రుకలు అమర్చే పనివానికి ఉండదు. అది నిర్మాతలది, దర్శకునిది. ఫౌలర్‌ను నేను మెచ్చుకొనేది కూడా ఇందుకే. నింద వచ్చినప్పుడు ఆయన బొమ్మ గీసిన వారివైపు వేలు చూపలేదు. తానే ముందుకు వచ్చి తలవంచాడు.

మరి ఆ పనివారి సంగతి ఏమయింది? దిద్దుబాటు పనిచేసిన ఎం.పి.సి. వాంకూవర్ శాఖను 2019 డిసెంబరులో, కొత్త సోనిక్ థియేటర్లకు రాకముందే మూసివేశారు. అక్కడి వ్యాపార పరిస్థితుల ఒత్తిడి కారణమని సంస్థవారు తెలిపారు. సోనిక్ వల్లనే మూతపడిందని నేను చెప్పడం లేదు, అట్లా చెప్పడానికి ఆధారం లేదు. కాని లోకమంతా నవ్విన తప్పును చక్కదిద్దిన మనుషులు, లోకమంతా మెచ్చుకొనే వేళకు ఆ గదులలో లేరన్నది వాస్తవం. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థను నడిపే టెక్నికలర్ గ్రూపే కుప్పకూలినప్పుడు మన బెంగుళూరులోనూ, ముంబయిలోనూ కళాకారులు పెద్దసంఖ్యలో ఉపాధి పోగొట్టుకొన్నారు.

ఇది ఎక్కడో కెనడా కథ అని తోసివేయడానికి వీలు లేదు. ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రంలోని పెద్దపులిని మీరు చూచే ఉంటారు. ఆ పులిని తయారుచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు మన హైదరాబాదులో శాఖ ఉండేది. మన పిల్లలు అందులో పనిచేశారు. ఆ సంస్థ 2013 ఫిబ్రవరి 13న దివాలా పిటిషను వేసింది. అదే నెల 24న ఆ పులికే ఆస్కారు వచ్చింది. వేదిక మీద బృందనాయకుడు తమ సంస్థ దుస్థితిని ప్రస్తావించబోతుండగా, సమయం మించినదని వాద్యం మ్రోగించి, మైకు ఆపివేశారు. 2020 ఫిబ్రవరి ఆస్కారు వేదిక మీద మరొక ముచ్చట. ‘క్యాట్స్’ అనే చిత్రంలోని పిల్లుల రూపం కూడా సోనిక్ వలెనే అపహాస్యం పాలయింది. ఆ చిత్రంలో నటించిన ఇద్దరు పిల్లివేషాలలోనే వచ్చి విజువల్ ఎఫెక్ట్స్ మీద హాస్యమాడారు, సభ నవ్వింది. విజువల్ ఎఫెక్ట్స్ కళాకారుల సంఘం దానికి అభ్యంతరం తెలిపింది. కథ ఎన్నుకొన్నవారు, రూపం నిర్ణయించినవారు సభలో చప్పట్లు కొడుతూ ఉండగా, రాత్రింబగళ్ళు పనిచేసినవారు నవ్వులపాలు కావడం ఏమి న్యాయం?

ఇప్పుడు మన కళాశాల విషయానికి వస్తాను. మన సంచిక ముఖచిత్రం మీద అనేక సంవత్సరాలుగా ఒక దీపమూ, పక్కన ఒక కలమూ ఉండేవి. వెనుకటి తరానికి చెందిన ఒక కాతిబ్ గారు చేతితో గీసిన చిత్రమది. నిరుడు దానిని కంప్యూటరులో కొత్తగా గీయించాలని సంపాదకవర్గంలో నిర్ణయించాము. ఆ వర్గంలో నేనూ ఒకడిని. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థినికి ఆ పని అప్పగించి, మూడు రోజుల గడువు ఇచ్చాము. ఆమె తెచ్చిన మొదటి చిత్రం బాగానే ఉన్నది. దీపం పెద్దది చేయమని ఒకరు, కలం లావు చేయమని ఒకరు, ఆకుపచ్చ రంగు ఎక్కువ చేయమని మరొకరు అన్నాము. అచ్చయి వచ్చిన తరువాత చూస్తే దీపం చాయ్ కెటిల్ వలె, కలం మునక్కాయ వలె కనిపించింది. నాలుగు రోజులలో విద్యార్థుల ఫోన్లనిండా కెటిల్ నుండి చాయ్ పోస్తున్నట్లు, మునక్కాయతో పులుసు పెడుతున్నట్లు చిత్రాలు తిరిగినవి. అవి నిజంగా నవ్వు పుట్టించేవే. ఎవరో గీసినవారి పేరు కూడా వాటికి జతచేశారు.

ఆ విద్యార్థిని వారం రోజులు తరగతికి రాలేదు. వచ్చినప్పుడు పిలిచి, “ఏమ్మా, ఇన్నాళ్ళు కనిపించలేదే?” అని అడిగాను. “సార్, నా బొమ్మను చూసి నవ్వితే బాధ లేదు. దీపం పెద్దది చేయమన్నది నేను కాదు కదా సార్” అన్నది. నాకు మాట రాలేదు. 2019లో కడుపుబ్బ నవ్విన నవ్వు ఆ క్షణంలో నాకు జ్ఞాపకం వచ్చింది. నిర్ణయం మాది, పేరు ఆమెది అయింది. ఇంతలో ఆ పరిహాసచిత్రాలు చేసిన విద్యార్థులకు జరిమానా విధించాలన్న ప్రతిపాదన కమిటీ ముందుకు వచ్చింది. పెద్దలు మంచి మనసుతో దానిని విరమించుకొన్నారు. అయినా ఆ ప్రతిపాదన వచ్చిందన్న మాటే నన్ను ఈ వ్యాసం వ్రాయడానికి పురికొల్పింది.

విద్యార్థులకు నా మనవి ఇది. మీరు నవ్వకూడదని నేననను. నవ్వే హక్కు లేని చోట దిద్దుబాటు కూడా ఉండదు. సోనిక్ కథ అదే చెబుతున్నది. కాని చిత్రాన్ని మరొకరికి పంపే ముందు రెండు ప్రశ్నలు వేసుకొనండి. ఈ తప్పు నిర్ణయించినవారిదా, చేతితో చేసినవారిదా? దీనిని ఎలా దిద్దవచ్చునో నేను ఒక్క మాటలోనైనా చెప్పగలనా? మొదటి ప్రశ్నకు జవాబు తెలియకపోతే కనీసం ఎవరి పేరూ జతచేయకండి. పెద్ద సంస్థను చూచి వేలమంది నవ్వితే ఆ సంస్థ తట్టుకొంటుంది, దానికి డబ్బున్నది, ప్రచారశాఖ ఉన్నది. పద్దెనిమిదేళ్ళ అమ్మాయిని చూచి నలభైమంది నవ్వితే ఆమె తట్టుకొనలేదు. మీలో కొందరు రేపు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఇటువంటి బొమ్మలు చేసే ఉద్యోగాలలోనే చేరుతారు. ఆనాడు మీ పనిని లోకం ఎలా చూడాలని కోరుకొంటారో, నేడు తోటివారి పనిని అలాగే చూడండి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా సవినయంగా ఒక మాట. విద్యార్థులు నవ్వినప్పుడు దానిని క్రమశిక్షణ సమస్యగా మొదటనే భావించవద్దు. ఆ నవ్వులో మనకు చేరవలసిన ఒక వార్త ఉంటుంది. కోట్ల డాలర్లు వెచ్చించిన చిత్రానికి దర్శకుడు రెండు రోజులలో తప్పు ఒప్పుకొని, ఆ పిమ్మట మూడు నెలలకు పైగా ఆగగలిగినప్పుడు, ఒక వార్షిక సంచిక ముఖచిత్రం విషయంలో మనం ఆగలేమా? అచ్చుకు పంపడానికి నెల రోజుల ముందు ఆ చిత్రాన్ని నోటీసు బోర్డు మీద ఉంచి, పక్కన ఒక పుస్తకం పెడితే చాలు. ఎవరికి ఏది నచ్చలేదో, ఎలా ఉంటే బాగుంటుందో అందులో వ్రాస్తారు. చివరకు జరిగే నిర్ణయానికి మాత్రం మన పేర్లే ఉండాలి. మెప్పు వస్తే గీసినవారికి, నింద వస్తే నిర్ణయించినవారికి చెందాలి. నిరుటి ముఖచిత్రం నింద నాకూ, నా తోటి సంపాదకులకూ చెందుతుందని ఈ సందర్భంగా ఒప్పుకొంటున్నాను.

సోనిక్ కథకు ఒక చిన్న కొసమెరుపు ఉన్నది. లోకం వద్దన్న ఆ పళ్ళ సోనిక్ పూర్తిగా మాయం కాలేదు. 2022లో వచ్చిన ‘చిప్ ఎన్ డేల్: రెస్క్యూ రేంజర్స్’ అనే చిత్రంలో ‘అగ్లీ సోనిక్’ పేరిట, అనగా వికారపు సోనిక్ అన్న పేరుతోనే, ఒక పాత్రగా ప్రత్యక్షమయింది. ఈసారి అది తనను చూచి తానే నవ్వుకొన్నది. ప్రేక్షకులు దానితో కలిసి నవ్వారు. ఒకరిని చూచి నవ్వడానికీ, ఒకరితో కలిసి నవ్వడానికీ ఎంత దూరమున్నదో ఆ బొమ్మ చూపింది.

ఈ సంచిక లోపలి పుటలలో నిరుటి ముఖచిత్రం గీసిన విద్యార్థిని వేసిన కొత్త బొమ్మ ఒకటి ఉన్నది. ఆమె అంగీకారంతోనే ఈ సంగతి వ్రాస్తున్నాను. ఈసారి దానిని మేమెవరమూ ముట్టుకోలేదు. చూడండి. నవ్వు వస్తే నవ్వండి. ఆ పిమ్మట ఆమె దగ్గరకు వెళ్ళి, ఏ గీత దగ్గర నవ్వు వచ్చిందో చెప్పండి.